కూలి గడి

పాదం కన్నా మూడోవంతు పెద్దగా కొయ్యాలి అట్టని.
ఈ ఒక్క ముక్క నేర్చుకోడానికి
పదకొండు జతలు పాడుచేశాను.
వేడినీళ్లు పడ్డ ఉన్ని ముడుచుకుంటుంది,
ఎంత ముడుచుకుంటుందో మాత్రం
ముందుగా చెప్పదు.

బిస్కెట్ల పెట్టెలు చింపి కోసిన అట్టలు
నా దగ్గర నలభై.
ఒక్కోదాని మీద ఒక్కో అంకె.
ముప్పై ఆరు, ముప్పై తొమ్మిది, నలభై నాలుగు.
ముఖాలు తెలీవు. మడమలు తెలుసు.

కొచ్కోర్‌లో మార్చి అంటే ఇంకా మంచే.
వంటింటి బల్ల మీంచి రొట్టెలు తీసేశాకే
నా కార్ఖానా తెరుచుకునేది.
పొర మీద పొర, నిలువుకి అడ్డంగా
ఉన్ని పరిచి, సబ్బునీళ్లు చిలకరించి,
రెల్లుచాపలో చుట్టి
మోచేతులతో నొక్కుతూ దొర్లిస్తాను.
గొర్రె వాసన గదంతా లేస్తుంది,
తడిసిన కొండ ఇంట్లోకొచ్చి కూచున్నట్టు.

మొదటి అమ్మకం పక్కవీధి బాకిత్‌కి.
అతని అతిథిగృహం గుమ్మంలో
మంచు బూట్లు విప్పేవాళ్ల కోసం ఆరు జతలు.
అక్కడ లెక్క చూసుకోడానికి సిగ్గేసి
నోట్లు జేబులో కుక్కుకున్నాను.
ఇంటికొచ్చి తలుపేసుకుని
మూడుసార్లు లెక్కపెట్టాను.

ఆడపడుచు జిపారా పద్దు రాస్తుంది.
బడి పుస్తకంలో గళ్లు గీసింది.
ఉన్ని, రంగు, సబ్బు, అడుగున కుట్టే తోలు,
నీళ్లు కాచిన బొగ్గు,
బిష్కెక్ దాకా మూట మోసే వ్యాను తెమిర్‌బెక్‌కి
యాభై సోములు.
ఆఖరి గడి పైన "కూలి" అని రాసింది.
ఆ గడి ఏడాదిగా ఖాళీ.
ఎంత వెయ్యమంటావని అడిగినప్పుడల్లా
నేను పొయ్యిలో బొగ్గు ఎగదోస్తాను.

మొన్న సంతలో గులాబి కళ్లద్దాలావిడ
జతని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని
"ఉత్త ఉన్నేగా" అంది.
ఉన్నే.
గొర్రె ఒంటి మీద ఉన్నప్పుడు ఉత్త ఉన్నే.
నూటయాభై తగ్గించాను.
తడిస్తే ఉన్ని కుంచించుకుపోతుంది,
"ఆఖరి మాట చెప్పు" అంటే
నేను కుంచించుకుపోతాను.

నిన్న తెమిర్‌బెక్ ఓ మూట వెనక్కి తెచ్చాడు.
నీలం మీద తెల్లటి పొట్టేలు కొమ్ములు అల్లిన జత.
లోపల చీటీ:
"కుడిది పెద్దది, ఎడమది చిన్నది. డబ్బు వాపసు."
అయిదు వేళ్లూ ఒకేలా ఉంటాయా అని
జిపారా ఇంతెత్తున లేచింది.
నేను మాట్లాడలేదు. కొలిచాను.
నిజమే, వేలెడు తేడా.
తప్పు టేపుదైతే బాగుండునని
ఇంకోసారి కొలిచాను.

రాత్రి నేల మరీ చల్లబడింది.
చిరిగిన రబ్బరు చెప్పుల్లో కాళ్లు కొంకర్లు పోతుంటే
ఎలాగూ పోయిన సరుకే కదా అని
తొడుక్కున్నాను.

పట్టాయి. రెండూ.
నా తొమ్మిదో ఏట గుర్రం తొక్కిన కుడికాలు,
బొమిక వంకరగా అతికి
ఎడమదాని కన్నా వేలెడు పెద్దదైన కాలు,
ఇన్నేళ్లకి ఎక్కడా ఒరుసుకోకుండా
లోపల సర్దుకు కూచుంది.
అట్టలు తీసి మళ్లీ చూశాను.
రెండూ సరిసమానం.
మరి చేతులు ఎవరి కాలిని తలుచుకున్నాయో
నన్నడక్కుండా.

పొద్దున జిపారా పుస్తకం తెరిచి
పెన్సిలు ముల్లు నాలిక్కి అద్దుకుంది.
"ఇది ఏ గడిలో? నష్టమా?"
నేను బల్ల తుడుస్తున్నాను.
నేల మీద నా అడుగుల చప్పుడు లేదు.
"కూలిలో రాయి" అన్నాను.
"ఒక జత."

రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది.
పక్కన ధర కూడా వెయ్యమన్నాను,
పూర్తి ధర.
బయట వ్యాను హారను కొడుతూనే ఉంది.
ముప్పై ఆరు ఇంకా ఆరలేదు.