ఎవర్ని వదలాలి

ఫహాహీల్‌లో గురువారం రాత్రి.
ఇషా నమాజు అయిపోయింది.
గాలి మాత్రం ఇంకా తడిగుడ్డలా మెడ చుట్టూ.
ప్లాస్టిక్ గడ్డి మీద తలలు కలిపి వంగున్నాం పదకొండు మందిమి.
నాలుగో ఛాన్సు. రెండు గజాలు.
రెండు గజాలంటే, క్యాంపులో నా మంచమంత.

టైమవుట్ తీసుకుని కోచ్ హబీబ్
మోకాలి మీద అట్టముక్క పెట్టి గీతలు గీస్తున్నాడు.
జోన్ అంటాడు: మనిషిని కాదు, జాగాను కాయండి,
అందులోకి ఎవడొస్తే వాడు మీవాడు.
కొట్టేస్తాడు. పవర్ అంటాడు. అదీ కొట్టేస్తాడు.
ఆ అట్టమీద సున్నాలన్నీ మేము.
బాణం గుర్తు మాత్రం మిషాల్.

నేను ఓబులేసుని. ఎడమ గార్డుని.
పగలు అహ్మదీ రిఫైనరీలో పరంజాలు కడతాను.
రెండేళ్లలో బంతిని ఒక్కసారే పట్టుకున్నా,
సంచిలోంచి తీసి అంపైరుకి ఇస్తూ.

పరంజా గొట్టాన్ని స్పానరుతో తడితే తెలిసిపోతుంది,
మోగేది ఉత్తది,
మోగనిది బరువు మోస్తోంది.

అవతల కుడిపక్కన అబూబకర్.
సూడాన్ మనిషి, చేపల ఫ్రీజర్ లారీ తోలతాడు.
వంగి చెయ్యి నేలకానించినప్పుడు వాడి బొటనవేలి గోరు చూస్తాను.
ఎర్రగా ఉంటే ఆగి చూస్తాడు.
తెల్లబడిందా, ఒళ్ళంతా ఆ చేతిమీదే, దూకుతాడు.
మూడు ఆటలుగా తెల్లగానే ఉంది.

"ట్రాప్" అన్నాను. "ఒకణ్ణి వదిలేద్దాం."
"ఎవర్ని?"
"అందర్లోకీ గట్టోణ్ణి."
కోచ్ మార్కరుకి మూత పెట్టాడు.

రాయచోటి హైస్కూల్లో కబడ్డీకి నేను మూలన నిలబడేవాణ్ణి.
కూతకొచ్చినోణ్ణి గీత దగ్గరే ఆపితే వాడు జారిపోతాడప్పా.
రానీ. ఇంకా రానీ.
మనమంతా భయపడ్డామని వాడు నమ్మాక
అప్పుడు, పక్కనుంచి, చీలమండ.

బంతి కదిలింది.
కుడి గార్డు దిండో వాణ్ణి ముట్టుకోకుండానే ముందుకెళ్ళిపోయాడు.
ఎవరో తలుపు తీసి పెట్టినట్టు అబూబకర్ లోపలికొచ్చాడు.
ఒక్క క్షణం వాడి మొహంలో సంతోషం చూశాను,
కొత్త చెప్పులేసుకున్న పిల్లాడి సంతోషం.
నేను సెంటర్ మడమల వెనకనుంచి
అడ్డంగా, వంగి, పరిగెత్తుకొస్తున్నాను.
డొక్కలో భుజం.
గాలి పోయిన చప్పుడు, వాడిదో నాదో.
నా వీపు వెనక ఏదో దాటిపోయింది.
అత్తరూ చెమటా కలిసిన వాసన. మిషాల్.
నేను చూడలేదు. ఎప్పుడూ చూడను.

కాగితం మీద రాసుకున్నారు:
మిషాల్, నాలుగు గజాలు.

ఆట అయ్యాక అబూబకర్ నీళ్ళ సీసా పట్టుకుని వచ్చాడు.
సగం అరబీ, సగం హిందీ. "ఎట్లా తెలిసింది?"
వాడి బొటనవేలు పట్టుకుని నొక్కి చూపించాను.
తెలుపు. వదిలితే ఎరుపు.
వాడే ఇంకో రెండుసార్లు నొక్కుకుని చూసుకున్నాడు.
"వచ్చేవారం గ్లవ్స్ వేసుకొస్తా" అన్నాడు.

మడమల సంగతి నేను చెప్పలేదు.