ఎనిమిది పాయింట్లు

చిక్కడపల్లిలో జిరాక్స్ షాపు మీది గది.
కింద మిషన్ తిరిగినప్పుడల్లా నేల వణికి
పాచికలు వాటంతటవే కొంచెం జరుగుతాయి.
ఆదివారం మూడింటికి
ఇక్కడ ఒక రాజ్యం మొదలవుతుంది.
కథ నడిపేవాణ్ణి నేను.
కొండలు నావి, రాక్షసులు నావి,
చాయ్ ఖర్చు మాత్రం అందరిదీ.

ఏడాదిన్నర కింద నఫీసా
తన దొంగకి ఎనిమిది పాయింట్లు పెట్టింది
తాళాలు తీసే విద్యలో.
కత్తికి రెండు, మాటకారితనానికి మూడు,
ఈతకి సున్నా.
వాళ్ల నాన్న మదీనా దగ్గర గొడుగు కింద కూర్చుని
తాళంచెవులు అరగదీసేవాడని
మాకు చాలా తర్వాత తెలిసింది.

ఈలోగా నా కథ సముద్రంలోకి వెళ్లిపోయింది.
తప్పు నాదే,
ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి, సముద్రమంటే మోజు.
నాలుగు నెలలుగా ఎటు చూసినా నీళ్లు.
తలుపుల్లేవు, పెట్టెల్లేవు.
పడవ తిరగబడ్డ ప్రతిసారీ ఆ దొంగ
ఎవరిదో ఒకరి కాలు పట్టుకుని తేలుతోంది.

"తాళాలవి తీసి ఈతలో పెట్టు భాయ్" అంది ఇవాళ,
"చేపలకి తాళం వేస్తారా ఎవరన్నా?"

ఉపేందర్ ఒప్పుకోలేదు.
"నేర్చుకున్నది నేర్చుకున్నట్టే ఉండాలె.
రాత్రి తాళం తీసిన చెయ్యి
పొద్దుగాల లేచి ఈత కొడ్తదా?
గట్లయితే ఇది కథనా, కిరాణా ఖాతానా?"

రూల్సు పుస్తకం తెరిచాను.
'కథ నడిపేవారి ఇష్టం' అని ఉంది.
ఇంత పిరికి వాక్యం నేనెక్కడా చదవలేదు.

సాలమన్ బేరం పెట్టాడు:
సగం వాపసు, సగం జీఎస్టీ.

ఉపేందర్ నవ్వలేదు.
"అశోక్‌నగర్‌ల ఐదేండ్లున్న.
ఒక రూము, నలుగురం, ఒకటే ఫ్యాను.
ఉన్న పాయింట్లన్నీ గ్రూప్ వన్ల పెట్టిన,
రాజ్యాంగం, ఎకానమీ, కాకతీయుల చెరువులు.
ఇప్పుడు కొంపల్లిల వాటర్ ఫిల్టర్లు అమ్ముతున్న.
నాకెవరిచ్చిండ్రు వాపసు?"

కింద మిషన్ ఆగింది.

నఫీసా కాగితం మీంచి తల ఎత్తలేదు.
"అందుకే కదా.
బయట ఇయ్యరు.
ఇక్కడ కూడా ఇయ్యకుంటే
మెహిదీపట్నం నుంచి రెండు బస్సులు మారి
నేనెందుకొస్తున్నట్టు?"

నాకు ఇద్దరిదీ నిజమే అనిపించింది,
కథ నడిపేవాడికి అది మంచి లక్షణం కాదు.
"ఎవరన్నా ఇస్తే తీసుకుంటవా?" అనడిగాను ఉపేందర్ని,
"ఆ ఐదేండ్లు తుడిచేసి?"

పాచిక అంచుని గోటితో గీకుతూ కూర్చున్నాడు.
"మొన్నొకరింట్ల ఫిల్టర్ బిగిస్తున్న.
వాళ్ల పిల్ల పరీక్షకి చదువుతుంది,
ముప్పై రెండో అధికరణం, అంతా తప్పు.
హక్కు పోతే ఎవరి తలుపు కొట్టాల్నో
స్క్రూడ్రైవర్ పట్టుకునే చెప్పిన, అర్ధగంట.
నల్లా ఇప్పి మర్చిపోయిన. ఇల్లంతా నీళ్లు."
అంతే అన్నాడు. అవుననీ లేదు, కాదనీ లేదు.

ఐదు మార్చుకో, మూడు ఉంచు అన్నాను నఫీసాతో.
మూడే ఎందుకని సాలమన్ అడిగాడు.
తాళంచెవి పట్టుకునేది మూడు వేళ్లతో కదా,
ఆ మూడింటికీ అలవాటు పోదనిపించింది.
పైకి మాత్రం "నా ఇష్టం" అన్నాను.

ఆమె రబ్బరు తీసుకుని రుద్దింది.
ఏడాదిన్నర మడతల కాగితం,
సరిగ్గా ఎనిమిది దగ్గర చిరిగింది.
శనగగింజంత రంధ్రం,
అందులోంచి బల్ల కనబడింది.

టేపు వేస్తే పెన్సిల్ పట్టదు.
పెన్నుతో రాస్తే ఇంక మార్చేది లేదు.
ఎవరూ ఏమీ అనలేదు కాసేపు.

ఉపేందర్ బ్యాగు తెరిచాడు.
ఫిల్టర్ రసీదు పుస్తకంలోంచి ఒక మూల చింపి
రంధ్రం వెనక ఆనించి,
టేపు పళ్లతో కొరికి, వెనకవైపే అతికించి
కాగితం ఆమె ముందుకి తోశాడు.

"ఇగ రాస్కో" అన్నాడు,
"పెన్సిల్ తోనే."