అటు తిరిగిన అక్షరం

మత్రా సూక్‌లో మూడో సందు.
లోబాన్ పొగ దాటాక ఖమీస్ గారి కొట్టు.
మధ్యాహ్నం షట్టరు సగం దించి
నేను తుప్పు తీస్తుంటాను.

ఆ రోజు బల్ల మీదికొచ్చింది ఒక జావా కత్తి.
పిడి గేదె కొమ్ము, కొసన
ముక్కు వంచుకున్న పిట్ట తల.
అలుగుది మాత్రం వేరే దేశపు నడక,
నిటారు, వెన్ను పొడుగునా ఒకటే గాడి,
గాడి పక్కన మూడక్షరాల ముద్ర,
కింద ఒక సంవత్సరం.

"ఒలందా కంపెనీది, నికార్సు" అన్నాడు
సలాలా నుంచి వచ్చిన బేరగాడు
ఫోన్ లైటు ముద్ర మీద పెట్టి.
"ఈ కొమ్ము తరవాతెవరో తగిలించింది.
ఊడదీసి ఇవ్వండి. అలుగుకే ఖరీదు."

నేను లైటు అడగలేదు.
కళ్ళు మూసుకుని చూపుడువేలు పెట్టాను.

మాది బందరు, వలందపాలెం.
వాన వెలిశాక వలందుల గోరీల మీద
బోర్లా పడుకుని
రాతి అక్షరాల్లో నిలిచిన నీళ్ళు
వేలితో తోడి చీమలకి దారి ఇచ్చేవాళ్ళం.
నాకు చదువు రాకముందే
నా వేలికి ఆ ముద్ర వచ్చు.
రెండు చేతులూ పైకి చాపిన వీ,
ఎడం చేతికి ఓ, కడియంలా,
కుడి చేతికి సీ,
కొసరు ముద్ద అడిగే పిల్లాడి నోరులా
బయటికి తెరుచుకుని.

ఈ కత్తి మీద సీ
నోరు లోపలికి తిప్పుకుంది.
సంవత్సరంలో ఏడంకె కూడా
అద్దంలోంచి చూస్తోంది.

"ఇది కంపెనీ కొలిమిలోది కాదు సాబ్.
ఎవరో జావా కమ్మరి
కంపెనీ కత్తి పక్కన పెట్టుకుని
చూసి చూసి చెక్కాడు.
అక్షరం రాదు.
చెయ్యి చూడండి, ఉలి ఎక్కడా
రెండోసారి పడలేదు."

ఎలా తెలుసని అతను అడగలేదు.
వచ్చిన కొత్తలో రువీలో రెండేళ్ళు
అరబ్బీ బోర్డులు రాశాను, అరబ్బీ రాకుండా.
ఒక చుక్క తప్పి
ఓ దర్జీ కొట్టు పేరు ఇంకేదో అయింది.
ఏమయిందో ఇప్పటికీ ఎవరూ చెప్పరు,
నవ్వుతారు.
నిచ్చెన మీంచి గీసిన ఆ అలిఫ్ మాత్రం
ఉప్పుగాలికి ఇంకా వంగలేదు.

"దొంగ ముద్ర" అని లేచాడు బేరగాడు,
ఖర్జూరం గింజ పళ్ళెంలో వేసి.
ఖమీస్ గారు నన్నేమీ అనలేదు. అదే భయం.

సాయంత్రం చెత్తసంచీ కోసం
పై అంతస్తు నుంచి సుమియాతి దిగింది.
సోలో వాళ్ళది. కత్తిని చూసి
చేతులు పైటకి తుడుచుకుంది.
ముద్ర వైపు చూడనే లేదు.
పిట్ట తల వాసన చూసి
"లవంగ నూనె" అంది, ఇంకేదో అంది తన భాషలో.
బొటనవేలు మెడ వంపులో పెట్టింది,
అక్కడ అప్పటికే అరిగి ఉంది.

"చీటీ మీద ఏం రాయను?" అన్నాను.
ఖమీస్ గారు తాళాలు లెక్కపెడుతూ
"నీకొచ్చింది రాయి" అన్నారు.
తెలుగులో రాశాను: జావా.

మూసే ముందు నూనె పూస్తే
సీ లో ఒక చుక్క నిలిచింది.
పాత అలవాటు, వేలితో తోడబోయాను.
నోరు అటుంది కదా,
నా వేలి కోసం ఆగకుండా
పిడి వైపు జారిపోయింది.