కాకిలెక్క

నుక్రి నోట్‌బుక్కు చివరి పేజీలో
ఒక మనిషి నిలబడి ఉన్నాడు.
పైన తెగిన తీగ. పక్కన లోయ.
ఎత్తిన చేతుల మీద, పళ్ళెంలా, రోప్‌వే డబ్బా.
కిటికీల్లో ఏడు గుండ్రని నోళ్ళు.

ఎవరు వీడు, అన్నాను.
"మాంగనీసు మనిషి, లమారా టీచర్.
మన గనిలోనే పుట్టాడు.
ఎంత బలమో ఎవరికీ తెలీదు."

ఎవరికీ తెలీదన్న మాట
ఫిజిక్స్ చెప్పేదాని ముందు అనకూడదు.

పాఠం పక్కన పెట్టేశాను.
హీటరు పనిచెయ్యని ఫిబ్రవరి. పిల్లలంతా కోట్లలోనే.
సుద్దముక్క పట్టుకున్న నా చెయ్యొక్కటే చలికి బయట.

ఖాళీ డబ్బా ఎంత? పదిహేను వందల కిలోలు.
ఏడుగురు మనుషులు, సంచులు, బంగాళాదుంపలు.
ఒక మేకపిల్ల కూడా ఉండాలని వెనక బెంచీ పట్టుబట్టింది.
సరే, మొత్తం రెండు వేలు.
ఎంత ఎత్తు నుంచి పడింది?
బొమ్మలో పైన్ చెట్టుకు స్కేలు ఆనించి కొలిచాం.
పన్నెండు మీటర్లు.
గురుత్వం తొమ్మిది పాయింట్ ఎనిమిది కదా, అంది తెక్లె.
పది అనుకుందాం, చేతివేళ్ళకు సరిపోతుంది.
కాకిలెక్కే.
కానీ కాకి కూడా కొమ్మ మోస్తుందో లేదో
లెక్కేసుకునే వాలుతుంది.

మోకాళ్ళు ఎంత వంగాయి?
నుక్రి బొమ్మను ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు.
"అర మీటరు. అంతకన్నా వంగడు వాడు."

బోర్డు నిండింది.
అయిదు లక్షల న్యూటన్లు.
యాభై టన్నులు నెత్తిన మోసినంత.
స్టేషన్లో సగం నిండిన ఖనిజం వ్యాగన్ ఉంటుందే, అదీ.
క్లాసు బల్లలు మోగించింది.
వాడి బూట్లు ఏ కంపెనీవి, అన్నాడు గెలా.

అక్కడితో ఆపేసి ఉండాల్సింది.
గంట కొట్టడానికి రెండు నిమిషాలే.
తెక్లె చెయ్యెత్తింది.
"మరి లోపలున్నవాళ్ళకి?"

మళ్ళీ సుద్ద.
అర మీటరులో ఆపేస్తే
ప్రతివాళ్ళ మీదా వాళ్ళ బరువుకి పాతిక రెట్లు.
అరవై కిలోల మనిషి మీద
ఇంకో ఖాళీ డబ్బా వచ్చి పడ్డట్టు.

మేకపిల్ల సంగతి ఎవరూ అడగలేదు.

నుక్రి ఆ ఏడు నోళ్ళనీ బొటనవేలితో మూశాడు.
"ఏం చెయ్యాలి మరి?"
వంగాలి. ఇంకా.
నాలుగు మీటర్లు దిగనిస్తే నాలుగు రెట్లే.
దెబ్బలు తగులుతాయి, బతుకుతారు.
వాడికీ ఎనిమిది టన్నుల బలం చాలు.
యాభై నుంచి ఎనిమిదికి!
క్లాసంతా సొంత మామయ్య ఉద్యోగం పోయినట్టు చూసింది.
నాలుగు మీటర్ల మోకాళ్ళు ఎవరికుంటాయి, అన్నాడు నుక్రి.
గంట కొట్టారు.

సాయంత్రం నేనూ ఆ డబ్బాలోనే దిగాను,
ఒళ్ళో మూతలేని పెరుగు కూజాతో.
కింది స్టేషన్లో లివరు దగ్గర మాక్వాలా,
నుక్రి అమ్మమ్మ, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే స్టూలు మీద.
దూరంగా ఉండగానే మొదలుపెడుతుంది ఆపడం.
చెయ్యి లివరు మీద ఉందో లేదో తెలియదు.
పిల్లి నిద్ర చెడకుండా ఒళ్ళోంచి దింపినట్టు
డబ్బాను గట్టుకు చేరుస్తుంది.
కూజాలో మీగడ పగల్లేదు.

ఆ చేతికి ఎంత బలం కావాలి?
పది కిలోలు కూడా అక్కర్లేదేమో.
అడిగాను.
"లాగెయ్యకూడదు, అంతే," అంది,
పొద్దుతిరుగుడు గింజ పొట్టు పక్కకి ఊస్తూ.

మర్నాడు నుక్రి కొత్త బొమ్మ తెచ్చాడు.
మాంగనీసు మనిషి ఇప్పుడు నిలబడి లేడు.
డబ్బాను ఎత్తిపట్టుకునే
కొండవాలు మీద కిందికి పరుగెడుతున్నాడు,
నాలుక బయటపెట్టి, ఒక బూటు ఊడిపోయి.
వెనక బురదలో అడుగులు, నాలుగు మీటర్లకు సరిగ్గా.
కిటికీల్లో నోళ్ళన్నీ మూసుకున్నాయి.
చివరి కిటికీలో ఒకటి మాత్రం ఇంకా తెరిచే ఉంది.

ఇదెవరు, అన్నాను.

"మేకపిల్ల," అన్నాడు. "దానికి లెక్కలు రావు."