పిడికెడు

అమ్మ వంటగదిలో రెండు డబ్బాలు.
ఒకటి మాకు. ఒకటి దేవుడికి.
ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి
రెండో దాంట్లో వేసేది.
నెలాఖరు ఆదివారం చంకన పెట్టుకుని
తండయార్‌పేట తెలుగు సంఘానికి నడిచేది,
రేషను బియ్యమని సిగ్గుపడకుండా.
"దేవుడికీ కార్డుండాదిలే మే" అనేది.

సంఘం రిజిస్టరులో ఎలీసమ్మ.
మా తమిళ వీధికి తీవక్క.
పుట్టింది పులికాట్ నీళ్ళ నడిమి దీవిలో.
నాలుగు వైపులా నీళ్ళే, నాలిక మీదికి చుక్క లేదు.
తాగే నీళ్ళు పడవలో వచ్చేవి,
గాలి ఎదురు తిరిగితే వచ్చేవి కావు.
ప్రార్థన నేర్చింది అక్కడే, రేవులో,
ఖాళీ బిందె నడుం మీద పెట్టుకుని
తెరచాప కోసం చూస్తూ చూస్తూ.

పద్దెనిమిదో ఏట మద్రాసొచ్చింది
సూళ్ళూరుపేట రైల్లో, పీతల గంప ఒళ్ళో పెట్టుకుని.
నాన్న హార్బరులో మూటలు మోసేవాడు,
తర్వాత తాగేవాడు, తర్వాత
ఏదీ మొయ్యలేదు.
ఆ సంగతి అమ్మ పైవాడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.
చాప మీద కళ్ళు మూసుకుని నేనూ విన్నాను
కాబట్టి ముగ్గురికి తెలుసు.

వీధిలోకి నీళ్ళ లారీ వచ్చినప్పుడు
అందరూ బిందెలతో తోసుకుంటుంటే
అమ్మ ముందు కొంగు తలమీదికి లాక్కుని
డ్రైవరు మునుసామికి దణ్ణం పెట్టేది.
పదహారేళ్ళ నాకు తల కొట్టేసినట్టుండేది.
"కార్పొరేషనోడమ్మా, జీతం తీసుకుంటాడు."
"నీళ్ళు తెచ్చేవోడికి ఏ జీతం చాలద్ది మే?"

ఆ డిసెంబరు వానకి కాలవ పొంగి
మా వీధి పేరు బోర్డుతో సహా మునిగింది.
మేడ మీద పదకొండు కుటుంబాలు, ఒక గ్యాసు పొయ్యి.
ఏడవనిది అమ్మ ఒక్కతే.
పిట్టగోడ పట్టుకుని నాలుగు వైపులా చూసి
చిన్నపిల్లలా నవ్వింది:
"అరె, మన దీవే!"
చీర ఎగ్గట్టి, ఖాళీ డ్రమ్ములకి పాత తలుపు కట్టి
వెదురు గడతో నెట్టుకుంటూ మందుల కొట్టు దాకా పోయి
షరీఫా బీకి ఇన్సులిన్ తెచ్చింది.
రాత్రి దేవుడి డబ్బా మూత తీసింది.
ఎవరూ అడక్కముందే, "ఆయనే తియ్యమన్నాడు" అంది.
ఎప్పుడన్నాడో నాకు వినబడలేదు.
గంజి మాత్రం తాగాను, రెండు గ్లాసులు.

పోయిన ఫిబ్రవరిలో, ఆస్పత్రి వరండాలో,
చెంచాతో నీళ్ళు పడితే
సగం మింగి, చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.
దీవి లెక్క.
రేపటికి ఉంచాలి.

సమాధుల తోటకి మునుసామి వచ్చాడు,
రిటైరయి, నడుం వంగి,
భుజం మీద ఇరవై లీటర్ల క్యానుతో.
మట్టి పోసిన వాళ్ళందరి చేతులూ కడిగించాడు.
చివర్లో అలవాటు గొంతుతో,
లారీ తలుపు మీద కొట్టి పిలిచినట్టే,
"అక్కా, తణ్ణి వందుచ్చు" అన్నాడు.
నీళ్ళొచ్చాయని.
అప్పటిదాకా ఏడవని వీధి అప్పుడేడ్చింది.

నేను సంఘానికి పోను. పాటలు సగం మర్చిపోయాను.
మోకాలు వంగదు, లోపల ఇంకేదో కూడా వంగదు.
ఈ పొద్దున కుక్కర్లో బియ్యం పోస్తూ చూసుకుంటే
కుడిచెయ్యి గుప్పిట మూసి గాల్లో ఆగి ఉంది.
రెండో డబ్బా అడుగున ఇంకా అమ్మ వేసినవే.
పురుగు పట్టాయి. చెరగాలి, ఎండబెట్టాలి,
ఆదివారం ఎన్ని రోజులుందో చూడాలి.

బయట లారీ హారను.
గుప్పిట విప్పకుండానే
రెండో చేత్తో బిందె కోసం వెతికాను.