మూడో గేరు పడదు

జ్ఞానాపురం తుక్కు కొట్లో
ఫ్రిజ్ తలుపుకీ ఫ్యాను రెక్కలకీ మధ్య
తలకిందులుగా ఇరుక్కుని కనిపించింది.
"కొండలెక్కే సైకిలు బావూ, ఏదో ఓడలోంచి దిగింది.
దింపినోడు మల్లీ ఎక్కించుకోలేదు" అన్నాడు బొడ్డేపల్లి సూర్రావు.
పధ్నాలుగు కేజీలు తూగింది.
కేజీ నలభై.
అయిదొందల అరవై ఇచ్చి భుజాన వేసుకున్నాను.

కంచరపాలెంలో మాది రెండో అంతస్తు.
బాల్కనీ అంటాం గాని
వాషింగ్ మెషినుకీ కరివేపాకు కుండీకీ పోను మిగిలిన జాగా.
బట్టల తాడు కొక్కేనికి వేలాడదీస్తే
రైలు పోయినప్పుడల్లా దానంతటదే కొంచెం ఊగేది.
"మేకని కట్టినట్టుంది" అంది ఇందుమతి,
"ఏం కోసినా చేతులు కడుక్కుని లోపలికి రా."

ఈ ఊళ్లో ఉప్పు ఊరికే కూర్చోదు.
కిటికీ ఊచల్నీ గేటు గొళ్లేన్నీ
రాత్రంతా నెమ్మదిగా నమిలి
పొద్దున్నే ఏమీ ఎరగనట్టు చల్లగాలై వస్తుంది.
చెయిను లింకులు ఒకదాన్నొకటి వదలమని పట్టుబట్టాయి.
కిరసనాయిలు దొరికే రోజులా ఇవి? డీజిల్లో నానేశాను.
పాత పళ్ల బ్రష్షుతో రుద్దుతుంటే
నీలం కింద పసుపు, పసుపు కింద
ఎవరో ఎప్పుడో ముచ్చటపడ్డ వెండిరంగు.

సీటు గొట్టం మాత్రం రాలేదు.
ఓడ చుక్కానులు ఊడదీసిన చేతులివి,
పద్దెనిమిదేళ్ల షిప్‌యార్డు ఫిట్టర్ని,
జానెడు గొట్టం నన్ను లెక్కచేయలేదు.
ఇనుముకీ అల్యూమినియానికీ
సముద్రం దగ్గరుండి వేసిన ముడి అది.
రోజుకి నాలుగు చుక్కల నూనె.
వేణ్ణీళ్లు.
బూతులు.
మళ్లీ నూనె.
పదకొండో రోజు, నైట్ షిఫ్టు దిగి
బూట్లయినా విప్పకుండా పట్టి తిప్పితే
కిర్రుమంది.
వెంట్రుక వాసి కదిలింది.
ఎవరో తలుపు కొడుతున్నారనుకుని ఇందు లేచొచ్చింది.

గొట్టం ఊడొచ్చిన దారిలోంచి
ఇసక రాలింది.
మన ఇసక కాదు.
ఆర్కే బీచిది నాకు తెలుసు, భీమిలిది తెలుసు,
ఎర్రమట్టి దిబ్బల్ని చిన్నప్పుడు లాగు జేబుల్లో మోసుకొచ్చి
వీపు చితక్కొట్టించుకున్నవాణ్ణి.
ఇది తెల్లగా, వేళ్లమధ్య నలిపితే సుద్దలా పొడయ్యే ఇసక.
ఫ్రేము మీద పేరులో రెండక్షరాలే మిగిలాయి.
అవి ఏ భాషవో తేల్చలేకపోయాం.
ఇందు కాగితం మీదికి ఊడ్చి
ఖాళీ హోమియో సీసాలో పోసి మూత పెట్టింది.
ఎందుకని నేనూ అడగలేదు.

వెనక చక్రం పూర్ణామార్కెట్ మస్తాన్‌వలీ కొట్లోది.
బ్రేకు పిడులు, ఎదురింటి పిల్లాడికి పొట్టయిపోయిన సైకిలువి,
ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ.
క్రాంకు బోల్టు ఎక్కడా దొరక్కపోతే
అచ్యుతం లేతు మీద కోసిచ్చాడు,
"ఇదీ యుద్ధనౌకకేనా?" అంటూ.
బేరింగు గోళీలు పద్దెనిమిది ఉండాలి, పదిహేడే ఉన్నాయి.
పద్దెనిమిదోది
నెల తర్వాత బియ్యం డబ్బాలో దొరికింది.

ఆదివారం వేకువన
హనుమంతవాక దాటి కైలాసగిరి ఎక్కాం, అదీ నేనూ.
మూడో గేరు పడదు.
రెండు మీంచి నాలుక్కి దూకుతుంది,
ఒక మెట్టు కట్టడం మరిచిన మేడలా.
రెండో మలుపులో ఊపిరయిపోయి దిగి నడిపించాను.
"అంకుల్, దాని మీద మీరెక్కాలి!"
కార్లోంచి కుర్రాళ్లు.
నిజమే మరి.

పైనుంచి చూస్తే
లంగరేసిన ఓడలు ఏడు.
ఆ ఓడవాడు ఇప్పుడు ఏ ఊళ్లో
మోకాలు పట్టుకుని మెట్లెక్కుతున్నాడో,
తన ఒడ్డు పిడికెడు
మా ఇంట్లో దగ్గుమందు పక్కన ఉందని తెలియక.

దిగేటప్పుడు ఎరుపు బ్రేకు ఆగమంది.
ఆకుపచ్చది పొమ్మంది.
రెండిటి మాటా విని ఎలాగో ఇల్లు చేరాను.
"అయిపోయిందా మొత్తానికి?" అంది ఇందు.
"లేదు" అన్నాను.
అంత సంతోషంగా
ఆ మాట ఇంతకుముందు ఎప్పుడన్నానో గుర్తులేదు.
చెయిను మీద అప్పుడే
సన్నటి తేమ.