రెండో ఆట, చికాగో, 1928

మాటల అట్ట తెరమీదికి వచ్చినప్పుడల్లా
అమ్మ చెవిలో మా లిథువేనియన్‌లో గొణగడం నా పని.

తుపాకీ పేలిన చోటల్లా
పియానో లుడ్వికా ఎడమచేత్తో దబ్బున బాదుతుంది.
ఒక్కోసారి చచ్చినవాడు పడ్డాక.

ముఠానాయకుడు నోట్లకట్ట ముందుకు జరిపాడు.
కెప్టెన్ వేలికొసతో వెనక్కి నెట్టాడు.

హాలంతా చప్పట్లు.
మా వరసలోనే, టోపీ ఒళ్లో పెట్టుకుని
సార్జెంట్ మల్కాహీ కూడా కొడుతున్నాడు,
మొన్న శుక్రవారం మా రొట్టెల కొట్లో
పిండంటిన కవరు దులిపి మరీ
జేబులో పెట్టుకున్న అవే చేతులతో.

"ఏమన్నాడే?"
"వద్దన్నాడమ్మా."
"ఎంతిస్తే?"

అట్టమీద అంకె లేదు.
ఆ మాటే చెప్పాను.

అమ్మ ఒళ్లో సంచి తెరిచి
వచ్చే శుక్రవారం తాలూకు చిల్లర
చీకట్లో, వేళ్లతోనే లెక్కపెట్టుకుంది.
బొమ్మ ఇంకా సగముంది.